ట్యూషనా, అబాకసా, యాప్‌లా, ఇల్లా? చిన్నపిల్లల చదువు, లెక్కల సాధనపై విశాఖ తల్లిదండ్రులకు ఒక పోలిక

జూన్‌లో బడులు తెరిచే వారానికి విశాఖ కూడళ్లలో ఫ్లెక్సీలు వరుసకడతాయి. ఒకదానిలో అబాకస్, మరోదానిలో వేదగణితం, ఇంకోదానిలో ఇంగ్లీషు అక్షరాల ధ్వనులు నేర్పే ఫోనిక్స్, దాని పక్కనే చేతిరాత. అపార్ట్‌మెంటు వాట్సాప్ బృందంలో ఎవరో ఒకరు "మా బాబును చేర్పించాం, మీరూ రండి" అని రాస్తారు. అయిదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలున్న ఇంట్లో ఆ వారమంతా ఒకటే చర్చ: ఎక్కడ చేర్పిద్దాం?

నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటిది, పిల్ల ఎక్కడ ఆగింది అన్నది. అక్షరాల దగ్గరే తడబడుతున్న పిల్లకూ, అక్షరాలన్నీ వచ్చినా చదివింది ఏమిటో చెప్పలేని పిల్లకూ ఒకే తరగతి పనికిరాదు. చదవడానికీ లెక్కలకూ కూడా ఒకే ఏర్పాటు కుదరదు. రెండింటినీ విడదీసి చూస్తే, చాలా ఇళ్లలో డబ్బు పెట్టాల్సినది ఉంటే ఏదో ఒక్కదానికే అని తేలుతుంది. కొన్ని ఇళ్లలో దేనికీ అక్కర్లేదని తేలుతుంది.

ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి చూడండి

'ప్రథమ్' సంస్థ 2005 నుంచి 'అసర్' పేరుతో గ్రామీణ పిల్లల చదువుపై సర్వేలు చేస్తోంది. వాళ్లు వాడే పరీక్ష పత్రం ఒక్క కాగితం. తెలుగులోనూ ఉంది, ఉచితంగా దొరుకుతుంది. పట్నం పిల్లలకూ చక్కగా పనికొస్తుంది. అందులో విడి అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. మొదట పేరా ఇస్తారు. చదివితే కథకు వెళతారు, చదవలేకపోతే పదాలకు, అదీ కాకపోతే అక్షరాలకు దిగుతారు. అక్షరాల్లోనూ పదాల్లోనూ అయిదింటిలో నాలుగు సరిగ్గా చెబితే ఆ మెట్టు వచ్చినట్టే. లెక్కల్లో ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు గుర్తుపట్టడం, ఆ తర్వాత అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, చివర భాగహారం. మనం మాట్లాడుకుంటున్న వయసు పిల్లలకు తీసివేత దాకా చాలు.

వయసుకు ఎంత వస్తే చాలు అన్నదానికి చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల పునాది కోసం కేంద్రం 2021 జూలైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాలు ఒక కొలత. ఒకటో తరగతి ముగిసేసరికి నాలుగైదు తేలిక పదాలున్న చిన్న వాక్యాలు చదవాలి, 99 వరకు అంకెలు చదివి రాయాలి, తేలికపాటి కూడికలు, తీసివేతలు చేయాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలి, 999 వరకు సంఖ్యలు రావాలి. మూడో తరగతికి నిమిషానికి కనీసం 60 పదాలు, 9999 వరకు సంఖ్యలు, తేలిక గుణకారాలు. ఈ నిమిషానికి ఇన్ని పదాలన్న లెక్క దగ్గర మాత్రం కాస్త ఆగండి. 'చదువుకుంటున్నప్పుడు' అన్నది తెలుగులో ఒకే పదం. ఇంగ్లీషులో అదే సంగతికి మూడు నాలుగు పదాలు కావాలి. కాబట్టి తెలుగు పుస్తకం ముందు గడియారం పెట్టి పిల్లను బెదరగొట్టకండి. ఆగి ఆగి చదివినా అర్థం చెబుతోందా అన్నదే చూడండి.

తరగతి పుస్తకాలు చేతికి కావాలంటే రాష్ట్ర ప్రభుత్వం ముద్రించే ద్విభాషా పాఠ్యపుస్తకాలు బాగుంటాయి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో. ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లకు లెక్క అర్థం కాలేదా, భాష అర్థం కాలేదా అన్నది తేల్చుకోవడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు. ఇంగ్లీషు పుటలోని ప్రశ్నకు బిత్తరపోయిన పిల్ల తెలుగు పుట చూసి టక్కున చెప్పిందంటే, ఆ పిల్లకు లెక్కల ట్యూషన్ అవసరం లేదు.

చదవడానికి: ఇల్లే మేలు

ఇక్కడ నా మొగ్గు దాచుకోను. చదవడం అనేది పైకి చదువుతూ, పక్కన ఒకరు వింటూ, తప్పినచోట అప్పటికప్పుడు సరిదిద్దుతూ ఉంటేనే వస్తుంది. పన్నెండు మంది పిల్లలున్న గంట ట్యూషన్‌లో టీచరు ఎంత న్యాయంగా పంచినా ఒక్కొక్కరి వంతుకు అయిదు నిమిషాలే. ఇంట్లో మీరు పావుగంట కూర్చుంటే దానికి మూడు రెట్లు.

తెలుగు, ఇంగ్లీషుల్లో ఏది ముందు అని చాలామంది అడుగుతారు. తెలుగులో అక్షరం ఎక్కడ ఉన్నా దాదాపు అదే ధ్వని. ఇంగ్లీషులో 'సి' అన్న అక్షరం క్యాట్‌లో ఒకలా, సిటీలో మరోలా పలుకుతుంది. ఆ విధంగా తెలుగు తేలిక. కానీ గుర్తుపట్టాల్సిన రూపాలు తెలుగులో చాలా ఎక్కువ: వర్ణమాల, దాని మీద గుణింతాలు, దాని కింద వత్తులు. ఇలాంటి లిపే ఉన్న కన్నడంలో సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన కూడా, ఆ అక్షరాలన్నీ పట్టుబడటానికి ఇంగ్లీషు అక్షరమాల కంటే ఎక్కువ ఏళ్లు పడుతుందనే చెబుతోంది. కాబట్టి రెండో తరగతి పిల్ల ఇంకా వత్తుల దగ్గర తడబడితే కంగారు అక్కర్లేదు, సాధన ఆపకపోతే చాలు. రెండు భాషలూ పక్కపక్కనే సాగనివ్వండి. తెలుగుకు మాత్రం రోజూ చోటుండాలి. ఇంట్లో మాట్లాడే భాష అదే అయినప్పుడు, చదివిన మాట అర్థమయ్యే ఆనందం మొదట అక్కడే దొరుకుతుంది.

ప, వ, ష, ఘ, మ, య, ద, ధ, థ. పిల్లలు తారుమారు చేసేవి ఎక్కువగా ఇవే. వీటిని వంద సార్లు రాయించడం కంటే జంటగా పెట్టి తేడా చూపించి, ఆ అక్షరాలున్న పదాలు చదివించడం మంచిది.

వత్తుల సాధనకు విశాఖలో పుస్తకం కూడా కొననక్కర్లేదు, సిటీ బస్సు బోర్డులున్నాయి. గాజువాక, మధురవాడ, తగరపువలస: వత్తు ఒక్కటీ లేదు, మొదటి మెట్టు. కంచరపాలెం, సింహాచలం: సున్న వచ్చింది. మద్దిలపాలెం, అక్కయ్యపాలెం, కొత్తరోడ్డు: అక్షరం కింద అదే అక్షరం వత్తు. ద్వారకానగర్, గోపాలపట్నం, పెదగంట్యాడ: కింద వేరే అక్షరం, అసలు కష్టం ఇక్కడే. కూర్మన్నపాలెంలో రెండు రకాలూ ఉన్నాయి. అది చదివిన పిల్ల దాదాపు ఒడ్డున పడ్డట్టే. బస్టాపులో నిలబడ్డప్పుడు ఫోను చేతికిచ్చే బదులు వచ్చే బస్సు ఎక్కడికో చదివి చెప్పమనండి. భీమిలి వెళ్లే 900కె లాంటి నంబర్లతో అంకెల సాధన కూడా అయిపోతుంది.

ఇక పుస్తకాలు, యాప్‌ల సంగతి. ఇక్కడ ఉచితంగా దొరికేవే మేలైనవి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉన్నాయి. ఒకటో స్థాయిలో పుటకు ఒకటి రెండు వాక్యాలు, పెద్ద బొమ్మలు. అదే కథ ఇంగ్లీషులోనూ తరచూ దొరుకుతుంది. దించుకుని ముద్రించుకోవచ్చు. నా సలహా, తెర మీద చదివించకుండా వీధి చివర జెరాక్స్ దుకాణంలో ముద్రించి ఇవ్వండి. కాగితం మీద పిల్ల వేలు పెట్టి చదువుతుంది, తెర మీద వేలు పెడితే పుట తిరిగిపోతుంది.

గూగుల్ వారి రీడ్ అలాంగ్ యాప్ వేరే రకం. పిల్ల పైకి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది, తప్పిన పదం దగ్గర సాయం చేస్తుంది. తెలుగు కథలున్నాయి, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండానూ నడుస్తుంది. వంటింట్లో ఉన్న అమ్మకు, వినేవాళ్లెవరూ లేని పూటకు ఇది నిజంగా ఉపకారి. కానీ మాట సరిగా పలికిందా అన్నదే అది చూస్తుంది. కోతి ఎందుకు ఏడ్చిందో అడగదు. అడగాల్సింది మీరే. కథ చదువుతూ 'తర్వాత ఏమవుతుంది', 'నువ్వయితే ఏం చేస్తావు' అని ప్రశ్నలు వేసే పద్ధతిపై గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లో రెండు మూడేళ్ల పిల్లలతో చేసిన అధ్యయనంలో, నెల రోజుల్లోనే వాళ్ల మాటల్లో తేడా కనిపించింది. ఖర్చు ఏమీ లేని ఆ పనిని యాప్‌కు అప్పగించకండి.

పుస్తకాలు కొనాలనుకుంటే మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణలు చూడండి. తెలుగు, ఇంగ్లీషు ఒకే పుటలో కావాలంటే చెన్నైకి చెందిన తూలిక ప్రచురణలు ఉన్నాయి. కొనే ముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి పిల్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ఏ బొమ్మల దగ్గర ఆగుతుందో చూస్తే ఏం కొనాలో తెలుస్తుంది. ఫోనిక్స్ తరగతులంటారా? ఇంగ్లీషు ధ్వనులు ఇంట్లో ఎవరికీ పట్టులేనప్పుడు కొన్నాళ్లు పంపడంలో తప్పులేదు. తెలుగు చదవడానికి మాత్రం డబ్బిచ్చి పంపాల్సిన అవసరం చాలా తక్కువ ఇళ్లకే ఉంటుంది.

లెక్కలకు: చేతులతో మొదలు, తరగతి ఆఖరున

లెక్కల్లో బయటి సాయానికి కొంత చోటుంది, కానీ ఫ్లెక్సీలు చెప్పినంత కాదు. అయిదారేళ్ల వయసులో రావాల్సింది వేగం కాదు. ఏడు అంటే అయిదూ రెండూ, పదికి మూడు తక్కువ, ఆరు తర్వాతది అని మనసులో కదలాడడం. ఇది చింతపిక్కలతో, గవ్వలతో, అగ్గిపుల్లలతో వస్తుంది. పది పది పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టించండి. 34 అంటే మూడు కట్టలు, నాలుగు విడి పుల్లలు. 34లోంచి 8 తీయమంటే పిల్ల తనే ఒక కట్ట విప్పుతుంది. బడిలో 'అప్పు తెచ్చుకోవడం' అని చెప్పేది అదే. పుల్లలతో చేసిన పిల్ల దాన్ని మర్చిపోదు.

ఇంగ్లీషు మాధ్యమం పిల్లల్లో ఒక గందరగోళం తరచూ కనిపిస్తుంది. థర్టీన్, థర్టీ, ఫోర్టీన్, ఫోర్టీ చెవికి ఒకేలా వినిపించి 13కు బదులు 30 రాసేస్తారు. తెలుగులో పదమూడు, ముప్పై అంటే ఆ చిక్కే లేదు. పదమూడులో పది ముందే వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు అంకెలు చెప్పడం వెనుకబాటు అనుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

ఆటల్లో వైకుంఠపాళిని మించింది లేదు. ఎలిడా లాస్కీ, రాబర్ట్ సీగ్లర్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో వంద గడుల పటం మీద ఆడిన పిల్లలను పోల్చి చూశారు. పావు 27లో ఉండి 4 పడితే 'ఒకటి, రెండు, మూడు, నాలుగు' అని జరిపినవాళ్ల కంటే 'ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి' అని జరిపినవాళ్లకు అంకెల స్థానాలు బాగా పట్టుబడ్డాయి. ఆట అదే, పలికే తీరు మార్చాలి, అంతే. ఈ సంగతి తెలిశాక నేను ఎవరింట్లో పాము పటం కనిపించినా ఇదే చెప్పి విసిగిస్తున్నాను.

ఏడేళ్లు వచ్చాక సీతమ్మధార రైతు బజారుకు తీసుకెళ్లండి. బోర్డు మీద కిలో ధర చూసి అరకిలోకు ఎంతో చెప్పమనండి. పావుకిలో తర్వాతి వారానికి.

ఇవన్నీ ఉండగా తరగతులెందుకు? మూడు రకాలను విడివిడిగా చూద్దాం.

వర్క్‌షీట్ పద్ధతి కేంద్రాలు. దీనికి మూలం కుమాన్. జపాన్‌లో లెక్కల ఉపాధ్యాయుడు తోరు కుమాన్ 1954లో రెండో తరగతి చదువుతున్న తన కొడుకు కోసం రాసిన కాగితాలతో మొదలైంది. చాలా చిన్న మెట్లు, రోజూ కొద్దిగా, తరగతితో సంబంధం లేకుండా పిల్ల ఉన్నచోటు నుంచి. పునాది వదులుగా ఉండి కూడికల్లో వేళ్లు లెక్కపెడుతూనే ఉన్న ఏడెనిమిదేళ్ల పిల్లకు ఇది మంచి ఎంపిక. కానీ రెండు సంగతులు మరవద్దు. కేంద్రానికి వెళ్లేది వారంలో ఒకటి రెండు రోజులే, మిగతా రోజుల కాగితాలు ఇంట్లోనే చేయించాలి. అంటే కూర్చోవడం మీకు తప్పదు. రెండోది, ఒకే రకం లెక్కలు పదే పదే వస్తాయి. విసుగు త్వరగా వచ్చే పిల్ల నెలలోపే మొండికేస్తుంది.

అబాకస్. సొరోబాన్ అనే జపాన్ పూసలచట్రం మీద నేర్పుతారు. ఒక్కో కమ్మీకి పైన అయిదు విలువ గల ఒక పూస, కింద ఒకటి విలువ గల నాలుగు పూసలు. కొన్నాళ్లకు చట్రం లేకుండా మనసులోనే పూసలు జరుపుతూ చకచకా కూడతారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పోటీలు, పతకాలు ఉంటాయి, పిల్లకు ధైర్యం వస్తుంది. అది కూడా విలువైనదే. కానీ అది కూడికల వేగానికి సాధన. 'రాజు దగ్గర 12 మామిడి పళ్లున్నాయి, సీత కంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?' అన్నదానికి దాంతో సమాధానం రాదు. ఎక్కువ అన్న మాట చూసి కూడేసే పిల్ల, పతకం ఉన్నా కూడేస్తుంది. పదులు, ఒకట్లు బాగా వచ్చిన తర్వాత, ఏడేళ్లు దాటాక, పిల్లకు ఇష్టమైతేనే పంపండి. లెక్కల్లో వెనకబడిందని పంపకండి. వేదగణితం సంగతి ఇక చెప్పేదేముంది, గుణకారమే రాని వయసుకు గుణకారం చిట్కాలెందుకు?

వీధి ట్యూషన్. మనకు బాగా అలవాటైనది, చవకైనది. అక్కడ జరిగేది ఎక్కువగా హోంవర్క్ పూర్తి చేయించడం. సాయంత్రం ఏడు దాటాక ఇల్లు చేరే తల్లిదండ్రులకు ఆ పని పూర్తికావడమే పెద్ద ఊరట, దాన్ని తక్కువ చేయను. కానీ పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడ పని జరగాలంటే, టీచరుతో 'హోంవర్క్ వదిలేయండి, రెండంకెల తీసివేత చూడండి' అని చెప్పాలి. ఆ మాట వినే టీచరు దొరికితే, నాలుగైదుగురు పిల్లలకు మించకుండా ఉంటే, ఫ్రాంచైజీల కంటే ఆ ట్యూషనే మేలు.

యాప్‌లలో చిన్నపిల్లలకు ఖాన్ అకాడమీ కిడ్స్ ఉచితం, ప్రకటనలు లేవు. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి మొదట్లో పక్కన కూర్చోవాలి. డబ్బు కట్టే యాప్‌ల ఏడాది చందాల జోలికి మాత్రం వెళ్లొద్దు.

మీ ఇంట్లో ఎవరు కూర్చోగలరు?

ఎంపిక చివరకు ఇక్కడ తేలుతుంది. స్టీల్ ప్లాంటులో ఎ షిఫ్టు ముగించుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరే నాన్న ఉన్న వారం ఒకలా ఉంటుంది, బి షిఫ్టు వారం మరోలా. అలాంటి ఇంట్లో సాయంత్రం ఆరింటికి అని సమయం పెట్టుకోకండి. అన్నం తిన్నాక అనో, స్నానం ముందనో పెట్టుకోండి. షిఫ్టు మారినా అది మారదు. మధురవాడ వైపు అమ్మానాన్నలిద్దరూ ఐటీ ఉద్యోగాల్లో ఉన్న ఇళ్లలో చదివించడం రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు, లెక్కలకు ట్యూషన్ లేదా వర్క్‌షీట్ కేంద్రం, ఇదే ఆచరణలో నిలుస్తుంది. తాతయ్య, అమ్మమ్మ ఇంట్లో ఉంటే మీరు అదృష్టవంతులు. కథలు, గవ్వలు, వైకుంఠపాళి వాళ్లకు అప్పగించండి, ఇంగ్లీషు ఒక్కటి మీరు చూసుకోండి.

మీకే లెక్కలంటే భయమా? అప్పుడు హోంవర్క్ మీరు చెప్పకపోవడమే మంచిది. ఎరిన్ మాలోనీ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, లెక్కలంటే ఆందోళన ఉన్న తల్లిదండ్రులు తరచూ హోంవర్క్‌లో సాయం చేసిన పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారని తేలింది. అదే ఏడాది షికాగోలో ఒకటో తరగతి పిల్లలపై జరిగిన మరో అధ్యయనంలో, తల్లిదండ్రులతో కలిసి ఒక టాబ్లెట్ యాప్‌లో లెక్కల కథలు చదివిన పిల్లలు మెరుగుపడ్డారు. భయమున్న తల్లిదండ్రుల పిల్లలకే లాభం ఎక్కువ. కాబట్టి నోటుపుస్తకం ముందు కూర్చుని గొంతు పెంచే అమ్మకైనా నాన్నకైనా నా సలహా: హోంవర్క్‌ను ట్యూషన్‌కు పంపండి, ఆట మీ దగ్గర ఉంచుకోండి. బయట ఖర్చుకు నిజంగా విలువ దొరికేది ఇలాంటి ఇంట్లోనే.

ఫీజు కట్టే ముందు డెమో తరగతిలో మీరూ కూర్చుంటామని అడగండి. బ్యాచ్‌లో ఎంతమంది, టీచరు ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారు, ఫీజు నెలనెలా కట్టవచ్చా, పుస్తకాలకూ పరీక్షలకూ విడిగా ఎంత, మానేస్తే తిరిగి ఇస్తారా అన్నవి కాగితం మీద రాయించుకోండి. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమంటే బయటకు వచ్చేయండి. రెండు మూడు నెలలయ్యాక మళ్లీ ఆ అసర్ కాగితం తీసి చూడండి. మెట్టు మారకపోతే తరగతి మార్చాలి.

రోజూ సాధన చేయిస్తున్నా ఎనిమిదేళ్లకు కూడా చిన్న పదాలు కూడబలుక్కోలేకపోతే, అక్షరాలు తిరగేసి రాస్తూనే ఉంటే, మరో ట్యూషన్ వెతకకండి. ముందు కంటి పరీక్ష, తర్వాత చెవి పరీక్ష చేయించండి. రెండూ బాగున్నాయంటే పిల్లల వైద్యుడి ద్వారా మనస్తత్వ నిపుణులను కలిసి డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యం ఉందేమో చూపించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. బడిలో పరీక్షలకు అదనపు సమయం వంటి వెసులుబాట్లు అడగాలంటే ధ్రువపత్రం కావాలి కాబట్టి, నోటిమాటతో వదిలేయకుండా నివేదికను రాతపూర్వకంగా తీసుకోండి.